మడ చెట్లు, భారలోహ కాలుష్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

మడ అడవుల మాట ఎత్తగానే "అవి కాలుష్యాన్ని పీల్చేసుకుంటాయి కదా" అనడం మామూలైపోయింది. అందులో సగమే నిజం. మడ చెట్టు లోహాన్ని పీల్చుకునేది తక్కువ, ఆపేది ఎక్కువ. అసలు పట్టు అంతా దాని కింద ఉన్న బురదది. కింది జవాబులు చాలావరకు ఈ విషయం చుట్టూనే తిరుగుతాయి.

భారలోహాలు అని వేటిని అంటారు?

ఘన సెంటీమీటరుకు 5 గ్రాముల కంటే ఎక్కువ సాంద్రత ఉన్న లోహాలను సాధారణంగా భారలోహాలు అంటున్నారు. ఈ నిర్వచనం రసాయన శాస్త్రజ్ఞులందరికీ నచ్చదు కానీ వాడుకలో పాతుకుపోయింది. మడ అడవుల విషయంలో తరచూ వినిపించేవి రాగి, జింకు, సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్, పాదరసం. ఆర్సెనిక్ పూర్తి లోహం కాకపోయినా దాన్నీ ఇదే గాటన కట్టేస్తారు.

మొక్క వైపు నుంచి చూస్తే వీటిలో రెండు రకాలున్నాయి. రాగి, జింకు, నికెల్ కొద్ది మోతాదులో మొక్కకు తప్పనిసరి. రాగి లేకపోతే కిరణజన్య సంయోగక్రియలో ఎలక్ట్రాన్లను మోసే ప్లాస్టోసయనిన్ అనే ప్రొటీన్ పనిచేయదు. జింకు లేకపోతే బోలెడు ఎంజైములు మూలన పడతాయి. సీసం, కాడ్మియం, పాదరసంతో మాత్రం మొక్కకు ఏ అవసరమూ లేదు. ఈ తేడా గుర్తుంచుకుంటే మిగతా సంగతులు తేలిగ్గా అర్థమవుతాయి. కావలసిన లోహానికి మొక్కలో దారులు ముందే ఉంటాయి, అది ఎక్కువైనా ఆ దారుల్లోనే లోపలికి వస్తుంది. అక్కరలేనిది మాత్రం వాటిలోకి దొంగచాటుగా దూరాలి. కాడ్మియం చేసేది ఇదే, జింకు, కాల్షియం వెళ్లే దారుల్లో తనూ వెళ్లిపోతుంది.

ఇవి మడ అడవుల్లోకి ఎక్కడి నుంచి వస్తాయి?

నదీముఖాలు, ఉప్పుటేరులు, అఖాతాలు మడ అడవులకు ఇష్టమైన చోట్లు. రేవులు, పరిశ్రమలు, నగరాల మురుగు కాలువలు చేరేదీ అక్కడికే. ఎలక్ట్రోప్లేటింగ్, బ్యాటరీలు, తోళ్ల శుద్ధి, గనులు, ఫాస్ఫేట్ ఎరువుల్లో మలినంగా ఉండే కాడ్మియం, పడవల అడుగున నాచు, నత్తలు పట్టకుండా పూసే రాగి పెయింట్లు, ఓడలు విరిచే యార్డులు... జాబితా ఇంకా పెద్దదే. వీటికి తోడు గాలిలోంచి పడేది ఉంది. సీసం కలిపిన పెట్రోలు వాహనాలకు అమ్మడం 2021లో గానీ ప్రపంచమంతటా ఆగలేదు. అప్పటివరకు రాలిన సీసం తీరప్రాంత బురదల్లో ఇంకా అలాగే ఉంది.

మడ బురద లోహాలను అంతగా ఎందుకు పట్టి ఉంచుతుంది?

మూడు కారణాలున్నాయి, మూడూ ఒకేచోట కలిసిరావడమే ఇక్కడి విశేషం.

మొదటిది బురద రేణువుల సన్నదనం. ఊత వేర్లు, ఊపిరి వేర్లు పోటు నీటి వేగాన్ని తగ్గించేస్తాయి. నీటితో వచ్చిన సన్నని బంకమట్టి అక్కడే దిగబడుతుంది. సన్నని రేణువులకు మొత్తం మీద ఉపరితలం చాలా ఎక్కువ, వాటి మీద రుణావేశం కూడా ఉంటుంది కాబట్టి ధనావేశమున్న లోహ అయాన్లు వాటికి అంటుకుపోతాయి. రెండోది సేంద్రియ పదార్థం. రాలిన ఆకులు, చచ్చిన వేర్లు కుళ్లి తయారైన హ్యూమిక్ పదార్థాలు ముఖ్యంగా రాగిని గట్టిగా పట్టుకుంటాయి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం, గంధకం. మడ బురదను ఒక చేతివేలంత లోతు తవ్వితే చాలు, నల్లటి రంగు, కుళ్లిన కోడిగుడ్డు వాసన తగులుతాయి. అక్కడ ఆక్సిజన్ ఉండదు. సముద్రపు నీటిలో మాత్రం సల్ఫేట్ సమృద్ధిగా ఉంటుంది. ఆక్సిజన్ లేనిచోట కొన్ని బ్యాక్టీరియాలు సేంద్రియ పదార్థాన్ని జీర్ణం చేసుకోవడానికి ఆ సల్ఫేట్‌ను వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతాయి. వాసన దానిదే. ఈ సల్ఫైడ్ ముందు ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. నల్ల రంగు దీనిది. రాగి, సీసం, కాడ్మియం, జింకు అక్కడికి చేరితే ఇనుమును పక్కకు నెట్టి తామే సల్ఫైడ్‌తో జతకడతాయి, ఎందుకంటే వీటి సల్ఫైడ్‌లు ఐరన్ సల్ఫైడ్ కంటే కూడా నీటిలో తక్కువ కరుగుతాయి. కాలం గడిచేకొద్దీ ఐరన్ సల్ఫైడ్ పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజంగా మారుతుంది. పాదరసం, ఆర్సెనిక్ లాంటివి అందులో ఇరుక్కుపోతాయి.

కరగని లోహాన్ని వేరు పీల్చుకోలేదు. అందుకే రెండు చోట్ల బురదలో ఒకే మోతాదు లోహం ఉన్నా ఒకచోట చెట్లు బాగుండి, మరోచోట ఇబ్బంది పడొచ్చు. కిలో బురదలో ఎన్ని మిల్లీగ్రాముల లోహం ఉందన్నది కథలో మొదటి పేజీ మాత్రమే. దాన్ని పట్టి ఉంచడానికి సరిపడా సల్ఫైడ్ ఉందా లేదా అన్నది అసలు ప్రశ్న. ప్రయోగశాలల్లో ఆమ్లం పోస్తే తేలిగ్గా వెలువడే సల్ఫైడ్‌ను, దానితో పాటు బయటపడే లోహాలను పక్కపక్కన కొలిచేది ఇందుకే. సల్ఫైడ్ ఎక్కువగా ఉంటే ఆ బురదలోని లోహం వల్ల తక్షణ ముప్పు తక్కువని లెక్క.

బురదలో అంత లోహం ఉంటే చెట్టులోకి ఎంత వెళ్తుంది?

చాలా తక్కువ. బ్రెజిల్‌లోని సెపెటీబా అఖాతంలో రైజోఫోరా మాంగిల్ అనే మడ జాతి అడవి మీద జరిగి 1990లో వెలువడిన అధ్యయనాన్ని ఇప్పటికీ ఉదాహరణగా చెబుతారు. ఆ అఖాతం జింకు, కాడ్మియం కాలుష్యానికి పేరుపడ్డది. అక్కడి అడవిలోని లోహాల్లో 95 శాతానికి పైగా బురదలోనే ఉన్నాయని, చెట్ల కాండం, కొమ్మలు, ఆకుల్లో ఉన్నది పిసరంతేనని తేలింది.

పరిశోధకులు దీన్ని రెండు నిష్పత్తులతో చెబుతారు. వేరులోని లోహాన్ని బురదలోని లోహంతో భాగిస్తే వచ్చేది ఒకటి, ఆకులోని దాన్ని వేరులోని దానితో భాగిస్తే వచ్చేది రెండోది. ప్రపంచవ్యాప్తంగా జరిగిన క్షేత్ర అధ్యయనాలను కూర్చి 2007లో వెలువరించిన ఒక సమీక్ష ప్రకారం మొదటి నిష్పత్తి చాలావరకు 1 గానీ అంతకు లోపు గానీ ఉంటుంది. రెండోది రాగికి, జింకుకు సుమారు 0.5 అయితే సీసానికి సుమారు 0.3. అంటే వేరులోకి వచ్చిన రాగి, జింకు ఆకులో సగం గాఢతకు చేరితే సీసం మూడో వంతు దగ్గరే ఆగిపోతోంది. అక్కరకొచ్చే వాటికి దారి ఇవ్వడం, రానివాటిని ఆపడం ఈ అంకెల్లోనే కనిపిస్తుంది. ఇవన్నీ సగటులు. జాతిని బట్టి, చోటును బట్టి అంకెలు ఇటూ అటూ బాగానే ఊగుతాయి.

వేరు దగ్గర అసలేం జరుగుతుంది?

నల్లటి బురదలోంచి ఒక సన్నని మడ వేరును లాగి నీళ్లలో జాడిస్తే దాని మీద కాషాయం, ఇటుక రంగుల మధ్య ఒక పూత తరచుగా కనిపిస్తుంది. గోరుతో గీకితే పొడిలా రాలుతుంది. అది తుప్పే. బురద అంతా నల్లగా ఉండగా వేరు చుట్టూ మాత్రమే తుప్పు ఎలా వచ్చిందంటే, ఆక్సిజన్ వేరులోంచే వచ్చింది. మడ చెట్లు ఊపిరి వేర్లు, ఊత వేర్ల మీదున్న సూక్ష్మరంధ్రాల ద్వారా గాలిని తీసుకుని, వేరు లోపల గాలి గదులున్న మెత్తటి కణజాలం ద్వారా కింది కొసలకు పంపుతాయి. అందులో కొంత ఆక్సిజన్ వేరు గోడల్లోంచి బయటికి కారుతుంది. బురద నీటిలో కరిగి ఉన్న ఇనుము దాన్ని తాకి ఐరన్ ఆక్సైడ్‌గా మారి వేరుకు అంటుకుంటుంది.

ఈ పూత జింకు, సీసం, క్రోమియం, ఆర్సెనిక్‌లను పట్టుకుంటుంది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. వేరులోంచి కారిన అదే ఆక్సిజన్ చుట్టుపక్కల సల్ఫైడ్‌లను కరిగించి, వాటిలో బంధించి ఉన్న లోహాన్ని వదిలేస్తుంది కూడా. అంటే వేరు తనకు తానే లోహాన్ని విడిపించుకుని, మళ్లీ తన పూతతోనే దాన్ని అడ్డుకుంటోంది. రెండిటిలో ఏది గెలుస్తుందన్నది ఇనుము ఎంత ఉంది, పూత ఎంత మందంగా ఉంది, వేరు వయసెంత అన్నదాని మీద ఆధారపడుతుంది. పూతను ఒట్టి కవచంలా వర్ణించే వ్యాసాలను నేను కొంచెం అనుమానంగానే చదువుతాను. పూత నిండిపోతే అది కవచం కంటే నిల్వగా మారే అవకాశమే ఎక్కువ.

పూత దాటిన లోహానికి తర్వాతి అడ్డంకి వేరు బాహ్యచర్మం. సీసంలో ఎక్కువ భాగం ఇక్కడే కణకవచాలకు అతుక్కుంటుంది. కణకవచంలోని పెక్టిన్‌కు రుణావేశం ఉంటుంది కాబట్టి సీసం లాంటి లోహాలు అక్కడ చిక్కుకుంటాయి. ఇంకా లోపలికి వెళ్తే అంతశ్చర్మం వస్తుంది. అక్కడ కణాల మధ్య సుబెరిన్ అనే నీరు దాటని మైనం లాంటి పదార్థం నింపిన కాస్పేరియన్ పట్టీలు ఉంటాయి. అప్పటిదాకా కణాల సందుల్లోంచి వచ్చిన నీరు ఇక్కడ తప్పనిసరిగా ఏదో ఒక కణపొరను దాటాల్సిందే. ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఆపాలో మొక్క తేల్చేది ఇక్కడే. ముక్కూమొహం తెలియనివాణ్ని ఇంట్లోకి రానివ్వకుండా అరుగు మీదే కూర్చోబెట్టినట్టు, మడ చెట్టు లోహంలో ఎక్కువ భాగాన్ని వేరు బయటి పొరల్లోనే ఉంచేస్తుంది.

లోహం ఎక్కువైతే వేరు తన నిర్మాణాన్నే మార్చుకుంటుంది. బయటి పొరల్లో లిగ్నిన్, సుబెరిన్ ఎక్కువగా పేరుకుని గోడలు దళసరి అవుతాయి. లోహం లోపలికి రావడం తగ్గుతుంది, దాంతో పాటు ఆక్సిజన్ బయటికి కారడమూ తగ్గుతుంది. వేరు గోడలు సహజంగానే బిగువుగా ఉండి ఆక్సిజన్‌ను తక్కువగా వదిలే జాతులు లోహాన్ని బాగా తట్టుకుంటాయని మొలకల మీద చేసిన పోలికల్లో కనబడింది. దీనికి మూల్యం లేకపోలేదు. ఆక్సిజన్ తగ్గితే వేరు చుట్టూ ఉండే సల్ఫైడ్ విషాన్ని విరిచే శక్తి కూడా తగ్గుతుంది.

అడ్డంకులన్నీ దాటి లోపలికి వచ్చిన లోహాన్ని మొక్క ఏం చేస్తుంది?

వదులుగా తిరగనివ్వదు. గ్లూటాథయోన్ అనే చిన్న అణువును గొలుసుగా పేర్చి ఫైటోకెలాటిన్లను తయారుచేస్తుంది. వాటిలోని గంధకం కాడ్మియం లాంటి లోహాలను గట్టిగా పట్టుకుంటుంది. ఆ జంటను కణంలో నిల్వ సంచి లాంటి రిక్తికలోకి తోసేసి అక్కడే ఉంచేస్తుంది. మెటలోథయోనిన్లు అనే ప్రొటీన్లది కూడా ఇలాంటి పనే. తెల్ల మడ (అవిసెన్నియా మెరీనా)లో, బ్రుగేరా అనే మరో రకం మడలో వీటి జన్యువులను గుర్తించారు. లోహం తగిలినప్పుడు ఆ జన్యువుల పని పెరగడాన్నీ చూశారు.

మడ చెట్లకు మరో సౌకర్యం కూడా ఉంది, టానిన్లు. ఉప్పు పొన్న (రైజోఫోరా) బెరడును తోళ్లు పదును చేయడానికి, వలలకు రంగు వేయడానికి వాడింది వీటి కోసమే. టానిన్లు, ఇతర పాలీఫినాల్స్ లోహాలను పట్టుకోగలవు, లోహం వల్ల పుట్టే హానికర ఆక్సిజన్ రూపాలను కూడా అణచగలవు. ఉప్పును, పురుగులను, సూక్ష్మజీవులను తట్టుకోవడానికి ఎప్పటినుంచో ఉన్న ఏర్పాటు ఇక్కడ కూడా పనికొస్తోందన్నమాట. ఆమాటకొస్తే లోహాల విషయంలో మడ చెట్టు చూపే ఓర్పులో చాలా భాగం ఉప్పు కోసం, ఆక్సిజన్ లేని బురద కోసం అలవరచుకున్నదే.

ఉప్పుతో పాటు లోహాన్ని కూడా ఆకుల మీద నుంచి బయటికి పంపుతుందట, నిజమేనా?

కొన్ని జాతుల్లో నిజమే, కొద్ది మోతాదులో. తెల్ల మడ, నల్ల మడ, ఏజిసెరాస్, అకాంథస్ ఆకుల మీద లవణ గ్రంథులు ఉంటాయి. వాన లేని రోజుల్లో ఆకును ఎండలో తిప్పి చూస్తే సన్నని ఉప్పు పలుకులు మెరుస్తూ కనిపిస్తాయి, నాలుకతో తాకితే ఉప్పగా ఉంటుంది. తెల్ల మడను రాగి, జింకు కలిపిన మట్టిలో పెంచి చూసినప్పుడు ఆ ఉప్పు పలుకుల్లో ఈ రెండు లోహాలూ దొరికాయి. సీసం ఆకుదాకా వచ్చేదే తక్కువ కాబట్టి దాని విషయంలో ఈ దారి పెద్దగా ఉపయోగపడదు.

ఉప్పు పొన్న, బ్రుగేరా, సెరియోప్స్‌కు ఇలాంటి గ్రంథులు లేవు. అవి ఉప్పులో 90 శాతానికి పైగా వేరు దగ్గరే వడకట్టేస్తాయి.

ముదురు ఆకుల్లో లోహాన్ని చేర్చి రాల్చేస్తుందా?

అలా ఒక పథకం ప్రకారం చేస్తుందని చెప్పలేం. ఆకు పండి రాలే ముందు నత్రజని, భాస్వరం లాంటి విలువైనవాటిని చెట్టు వెనక్కి తీసుకుంటుంది. కదలని లోహాలు ఆకులోనే మిగిలిపోతాయి కాబట్టి పండుటాకులో వాటి గాఢత పెరుగుతుంది. ఫలితంగా కొంత లోహం వదులుతుంది, నిజమే.

రాలిన ఆకు కథ అంతటితో అయిపోదు. బురద మీద కుళ్లుతున్న ఆకు చుట్టుపక్కల నీటిలోంచి, బురదలోంచి లోహాన్ని తన మీదికి లాక్కుంటుంది. కొన్ని వారాలయ్యాక చూస్తే చెట్టు మీద ఉన్నప్పటికంటే దానిలో లోహం ఎక్కువగా ఉండొచ్చు. పీతలు, నత్తలు తినేది ఆ ఆకునే.

విషం ఎక్కువైతే మొక్కలో ఏం కనిపిస్తుంది?

ముందు కంటికి ఏమీ కనిపించదు. కణాల్లో మాత్రం గొడవ మొదలవుతుంది. సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి పెరుగుతాయి. వాటిని అణచడానికి సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, కేటలేజ్, పెరాక్సిడేజ్ ఎంజైములు జోరందుకుంటాయి. కణపొరల్లోని కొవ్వులు దెబ్బతిని, ఆ నష్టానికి గుర్తుగా కొలిచే మలోన్‌డైఆల్డిహైడ్ పెరుగుతుంది. ఆకుల్లో పెరాక్సిడేజ్ స్థాయిని ముందస్తు హెచ్చరికగా వాడొచ్చన్న ఆలోచన వచ్చింది ఇందుకే. కాకపోతే ఉప్పు ఎక్కువైనా, ఎండ ముదిరినా ఇవే ఎంజైములు పెరుగుతాయి. కాబట్టి ఈ ఒక్క పరీక్ష చూసి లోహమే కారణమని తేల్చకూడదు.

కంటికి కనిపించే మొదటి దెబ్బ సాధారణంగా వేరుకే. కొత్త వేర్లు పొట్టిగా, తక్కువగా వస్తాయి. తర్వాత పత్రహరితం తగ్గి ఆకులు పాలిపోతాయి, చిన్నవవుతాయి, ఎదుగుదల మందగిస్తుంది. మరీ తక్కువ మోతాదులో ఒక్కోసారి దీనికి విరుద్ధంగా ఎదుగుదల కాస్త పెరుగుతుంది కూడా. అది చూసి కాలుష్యం మంచే చేస్తోందనుకుంటే పొరపాటు.

ఎంత మోతాదు దాటితే ప్రమాదం?

ఒక్క అంకె చెప్పమంటే కుదరదు, కానీ కొలమానాలు కొన్ని ఉన్నాయి. తెల్ల మడ మొలకల మీద ఆస్ట్రేలియాలో కుండీల్లో జరిపి 2002లో ప్రచురించిన ప్రయోగాల్లో, కిలో మట్టికి రాగి గానీ జింకు గానీ 550 నుంచి 600 మిల్లీగ్రాముల మధ్య ఉన్నప్పుడు సుమారు సగం మొలకలు పైకి రాలేకపోయాయి. వేరు ఎదుగుదల అంతకంటే తక్కువ మోతాదులోనే దెబ్బతింది. సీసం అంతగా నష్టం చేయలేదు.

తీరప్రాంత బురదలకు 1995లో అమెరికాలో రూపొందించిన మార్గదర్శక విలువలను చాలామంది వాడతారు. వాటి ప్రకారం కిలో పొడి బురదకు రాగి 34, సీసం 46.7, జింకు 150, కాడ్మియం 1.2, పాదరసం 0.15 మిల్లీగ్రాములకు లోపు ఉంటే హాని అరుదు. రాగి 270, సీసం 218, జింకు 410, కాడ్మియం 9.6, పాదరసం 0.71 దాటితే హాని తరచుగా ఉంటుంది. పై కుండీల అంకెలతో పోలిస్తే ఇవి ఎంత తక్కువో చూడండి. ఈ విలువలను బురదలో బతికే పురుగులు, నత్తలు, రొయ్యల లాంటి జీవులకు కలిగిన నష్టం ఆధారంగా కట్టారు. అంటే చెట్లు పచ్చగా ఉన్న చోట కూడా వాటి కింద జీవులు చచ్చిపోతూ ఉండొచ్చు. అడవి పచ్చగా ఉందంటే బురద బాగున్నట్టే అనుకోవడానికి లేదు.

కుండీ ప్రయోగాలకు మరో పరిమితి ఉంది. వాటిలో లోహాన్ని తేలిగ్గా కరిగే లవణంగా కలిపి, మొలకలను కొన్ని నెలలు మాత్రమే చూస్తారు. అడవిలో లోహం ఏళ్ల తరబడి సల్ఫైడ్‌లో బంధమై ఉంటుంది, చెట్టు దశాబ్దాలు బతుకుతుంది. ఒకదాని అంకెను రెండోదానికి నేరుగా అతికించలేం.

అన్ని మడ జాతులూ ఒకేలా తట్టుకుంటాయా?

తట్టుకోవు. ప్రపంచంలో అసలైన మడ జాతులు సుమారు 70 ఉన్నాయి, లోహాల విషయంలో లోతుగా చూసినవి వాటిలో కొన్నే. మోటుగా చెప్పాలంటే, ఉప్పును వేరు దగ్గరే వడకట్టే ఉప్పు పొన్న కుటుంబం లోహాన్ని కూడా ఎక్కువగా అక్కడే ఆపుతుంది, ఆకుల్లో లోహం తక్కువ. ఉప్పును లోపలికి తీసుకుని ఆకుల ద్వారా వదిలే తెల్ల మడ లాంటివాటిలో రాగి, జింకు ఆకులదాకా కాస్త ఎక్కువగా చేరతాయి. వయసు కూడా ముఖ్యమే. తల్లిచెట్టు మీదే మొలకెత్తి రాలే కాయలో మొదట్లో నిల్వ ఆహారం ఉంటుంది కాబట్టి కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. ఆ నిల్వ అయిపోయి సొంత వేర్ల మీద ఆధారపడే దశ అసలు పరీక్ష.

నీటిలో ఉప్పు పెరిగితే లోహం ప్రభావం పెరుగుతుందా, తగ్గుతుందా?

రెండూ జరుగుతాయి. సముద్రపు నీటిలోని క్లోరైడ్ కాడ్మియంతో కలిసి నీటిలో కరిగి ఉండే జంటలను ఏర్పరుస్తుంది, దాంతో బురదకు అంటుకున్న కాడ్మియం కదలుతుంది. మరోవైపు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం, సోడియం వేరు దగ్గర లోహంతో పోటీ పడి దాని ప్రవేశాన్ని తగ్గించగలవు. ఉప్పు మరీ ఎక్కువై మొక్క అప్పటికే సతమతమవుతుంటే లోహం తోడై దెబ్బ రెట్టింపవుతుంది.

పాదరసం, ఆర్సెనిక్, క్రోమియం కూడా ఇదే దారిలో నడుస్తాయా?

క్రోమియం ఒక్కటే కాస్త మంచి వార్త. అత్యంత విషపూరితమైన ఆరు వేలెన్సీ క్రోమియం, ఆక్సిజన్ లేని మడ బురదలో తక్కువ విషమున్న, తక్కువ కరిగే మూడు వేలెన్సీ రూపంలోకి మారిపోతుంది.

పాదరసం విషయంలో బురద చేసే మేలుకు మరో ముఖం ఉంది. లోహాలను సల్ఫైడ్‌గా బంధించే ఆ సల్ఫేట్ బ్యాక్టీరియాల్లోనే కొన్ని పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అది జీవుల శరీరాల్లో చేరి, ఒకదాన్నొకటి తినే కొద్దీ పెరుగుతూ పోతుంది. నాడీవ్యవస్థకు అది ఎంత హానికరమో, జపాన్‌లోని మినమాటాలో కలుషితమైన చేపలు తిన్నవారికి జరిగిన విషాదం లోకానికి చూపించింది. పైగా పాదరసం ఆకుల్లోకి వేరు నుంచి కంటే గాలి నుంచే, పత్రరంధ్రాల ద్వారా ఎక్కువగా వస్తుంది. వేరు దగ్గరి కాపలా అంతా ఇక్కడ అక్కరకు రాదు. ఆ ఆకులు రాలి బురదలో చేరినప్పుడు గాలిలోని పాదరసం అడవి కిందికి దిగుతుంది.

ఆర్సెనిక్ నడక మిగతావాటికి ఎదురు. ఆక్సిజన్ ఉన్నచోట అది ఐరన్ ఆక్సైడ్‌కు అంటుకుని ఉంటుంది. ఆక్సిజన్ పోతే ఆక్సైడ్ కరిగి ఆర్సెనిక్ బయటపడుతుంది. సల్ఫైడ్ బాగా ఉంటే మళ్లీ పైరైట్‌లో చిక్కుతుంది, లేకపోతే నీటిలో తిరుగుతుంది. వేరులోకి కొంతభాగం ఫాస్ఫేట్ దారిలో వెళ్తుంది, ఎందుకంటే ఆర్సినేట్ రూపం ఫాస్ఫేట్‌ను పోలి ఉంటుంది.

మరి మడ చెట్లు నాటి కలుషిత తీరాన్ని శుభ్రం చేయొచ్చా?

శుభ్రం అంటే లోహాన్ని తీసేయడం అయితే, చేయలేం. లోహాన్ని విపరీతంగా పీల్చుకునే మొక్కలు వేరే ఉన్నాయి. నికెల్ విషయంలో ఆ జాబితాలో చేరాలంటే ఆకుల పొడిబరువులో కిలోకు 1,000 మిల్లీగ్రాములు దాటాలి. మడ చెట్ల పద్ధతే అది కాదు. ఎక్కడిదక్కడ బంధించి ఉంచడానికి మాత్రం ఇవి బాగా పనికొస్తాయి. నీటిలో కొట్టుకొచ్చిన లోహాన్ని బురదలో దింపి, వేర్లతో ఆ బురదను కదలకుండా పట్టి, ఆకులు రాల్చి సల్ఫైడ్ తయారీకి కావలసిన సేంద్రియ పదార్థాన్ని అందిస్తాయి. హాంగ్‌కాంగ్, షెన్‌జెన్‌లలో మురుగునీటిని మడ మొక్కలున్న మడుల్లోకి పంపి చేసిన ప్రయోగాల్లో కూడా లోహంలో అత్యధిక భాగం మట్టిలోనే నిలిచింది, మొక్కల్లో చేరింది కొద్దిగానే.

"మా దగ్గర మడ అడవి ఉంది, అదే చూసుకుంటుంది" అని వ్యర్థజలాన్ని వదిలేసే ధోరణి నాకు ఏమాత్రం నచ్చదు. లోహం విరిగిపోయే పదార్థం కాదు. ఎంత వదిలితే అంతా అక్కడే పోగవుతుంది.

ఆ బురదను తవ్వితే ఏమవుతుంది?

చెరువుల కోసం, ఓడల దారి కోసం తవ్వితే సల్ఫైడ్‌కు గాలి తగులుతుంది. పైరైట్ ఆక్సీకరణం చెంది గంధకామ్లం పుడుతుంది. పీహెచ్ 4 కంటే దిగువకు పడిపోవచ్చు. బంధించి ఉన్న లోహం ఆమ్లంలో కరిగి నీటిలోకి వచ్చేస్తుంది, మట్టిలోని అల్యూమినియం కూడా దానితో పాటే. దశాబ్దాల పాటు దాచిపెట్టింది ఒక్క సీజన్‌లో బయటపడొచ్చు. చెట్లు నరికేసినా కొంతవరకు ఇదే జరుగుతుంది. వేర్లు చచ్చి, ఒడ్డు కోసుకుపోయి పాత పొరలు పైకి తేలతాయి. కలుషిత మడ అడవిని కొట్టేయడం మంచి మడ అడవిని కొట్టేయడం కంటే ప్రమాదకరం అనేది ఇందుకే.

అక్కడి పీతలు, ఆల్చిప్పలు తినొచ్చా?

చెట్టును చూసి చెప్పలేం, జీవినే పరీక్షించాలి. నీటిని వడకట్టుకుని తినే ఆల్చిప్పల్లో కాడ్మియం, జింకు, రాగి బాగా పోగవుతాయి. పీతల్లో తలభాగం లోపలి పసుపుపచ్చ గుజ్జులో మాంసంలో కంటే కాడ్మియం చాలా ఎక్కువ. కాలుష్యం ఉందని తెలిసిన చోట దొరికిన పీతల్లో ఆ గుజ్జును వదిలేయడం మేలు. పాదరసం మాత్రం మాంసంలోనే ఉంటుంది, కడిగినా ఉడికించినా పోదు.

ఆకులు, వేర్లు పరీక్షించి కాలుష్యాన్ని అంచనా వేయొచ్చా?

వేయొచ్చు, జాగ్రత్తగా చేస్తే. ఆకులైతే ఒకే జాతి, ఒకే వయసు, కొమ్మ మీద ఒకే స్థానం చూసుకోవాలి. పైనున్న ఉప్పు, దుమ్ము పోయేలా శుద్ధమైన నీటితో కడగాలి, లేకపోతే కొలిచేది దుమ్మునే అవుతుంది. సీసానికి ఆకు మంచి సూచిక కాదు, దానికంటే వేరు నయం.

వేరుతో మరో చిక్కు ఉంది. పైన చెప్పిన తుప్పు పూతను డైథయోనైట్, సిట్రేట్, బైకార్బనేట్ ద్రావణంతో విడిగా తీయకపోతే పూతలోని లోహం కూడా వేరు ఖాతాలో పడుతుంది. వేరులో లోహం బురదకంటే ఎన్నో రెట్లు ఉందని ఎక్కడైనా చదివితే ముందు ఈ పని చేశారో లేదో చూడండి. సల్ఫైడ్ కొలవాల్సిన బురద నమూనాకు గాలి తగలకూడదు. తీసిన వెంటనే గాలి లేకుండా మూసి చల్లబరచాలి. బంకమట్టిలో లోహం సహజంగానే ఎక్కువ, ఇసుకలో తక్కువ. అందుకే రెండు చోట్లను పోల్చేటప్పుడు అల్యూమినియం గానీ ఇనుము గానీ ఆధారంగా తీసుకుని సరిచేయాలి.

కలుషితమైన తీరంలో కొత్తగా మడ మొక్కలు నాటాలంటే ముందు ఏం చూడాలి?

లోహం వచ్చే దారి మూసుకుందా అన్నది మొదట. అది తెరిచి ఉండగా నాటడం ఫొటోలకు తప్ప పనికిరాదు. తర్వాత పోటు, పాటు నీరు సరిగ్గా వచ్చి పోతోందా చూడాలి. చాలా నాట్లు చచ్చిపోయేది లోహం వల్ల కాదు, ఎత్తు తప్పిన చోట నాటడం వల్ల. గుంతలు పెద్దవి తవ్వకుండా, కాయలను నేరుగా బురదలో గుచ్చడమో, చిన్న రంధ్రంలో మొక్కను దింపడమో చేస్తే పాత బురద కదలదు. నర్సరీలో కొన్ని మొలకలను ఆ తీరపు బురదలోనే కొన్ని నెలలు పెంచి, కడిగి, వేర్ల పొడవు కొలిచి చూస్తే ఆకుల రంగు కంటే ముందే సంగతి బయటపడుతుంది.